నొప్పి భుజానిది, ప్రమాదం ట్యూబుది

పొత్తికడుపులో ఒక పక్కన నొప్పి, కాస్త కళ్లు తిరగడం, దానికితోడు భుజం చివర పోటు. గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోవడం మన ఇళ్లలో మామూలే. ఆమె నెల తప్పి ఉంటే మాత్రం పడుకోకూడదు. గర్భం గర్భసంచిలో కాకుండా, అండం గర్భసంచికి చేరే గొట్టమైన ఫెలోపియన్ ట్యూబులో నాటుకుని ఉండొచ్చు. ఆ ట్యూబు చిట్లితే కారిన రక్తం పైకి పాకి, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొర డయాఫ్రమ్‌ను తాకుతుంది. డయాఫ్రమ్ నరమూ భుజం చర్మానికి వెళ్లే నరాలూ మెడలో ఒకేచోట మొదలవుతాయి కాబట్టి, మెదడు ఆ నొప్పిని భుజానిదిగా పొరబడుతుంది.

నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచి బయట నాటుకుంటాయి. వాటిలో 90 శాతానికి పైగా ట్యూబులోనే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెలుగునాట ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడవాళ్లే ఆపరేషన్ చేయించుకోవడం ఆనవాయితీ. ‘ఆపరేషన్ అయిపోయింది కదా, గర్భమేంటి?’ అంటారు. అది విఫలమవడం అరుదే. కానీ విఫలమైతే వచ్చే గర్భాల్లో దాదాపు మూడో వంతు ట్యూబులోనివే. అందుకే, ఆపరేషన్ అయినవాళ్లకైనా సరే, ఇలాంటి నొప్పికి మూత్ర పరీక్ష చేయాల్సిందే.

పరీక్షలో గర్భం ఉందని తేలి, లోపలి స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీగా కనిపిస్తే రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్ ఎంతుందో చూస్తారు. తొలి వారాల్లో మామూలు గర్భమైతే అది 48 గంటల్లో కనీసం సగం మేర పెరగాలి. మళ్లీ రక్తం ఇవ్వమన్నారని విసుక్కోవద్దు, ఆ రెండో అంకె చాలా విషయం చెబుతుంది. బీపీ పడిపోతుంటే మాత్రం ఈ లెక్కలేవీ ఉండవు, నేరుగా థియేటర్‌కే. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ దాటి పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి చేరడానికి పట్టే సమయం కూడా ప్రాణం మీదికి తేగలదు.

ట్యూబు చిట్లకముందే, పిండం చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే చాలామందికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ సరిపోతుంది. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మందు ఇది. క్యాన్సర్ కోసం పుట్టింది, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుని కణాల పెరుగుదలను ఆపుతుంది. 1948లో కన్నుమూసిన ఆయన, ఇది కోత లేకుండా ఇందరు ఆడవాళ్లను కాపాడటం చూడలేకపోయారు. నాకది ఎప్పుడూ బాధే.

చిట్లిన ట్యూబుకు ఆపరేషన్ ఒక్కటే దారి. 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టేట్ అనే సర్జన్ కడుపు కోసి, ట్యూబుకు ముడివేసి తీసి రోగిని బతికించాడు. ఇప్పుడు ఎక్కువగా ల్యాపరోస్కోపీయే. చిన్న రంధ్రాల్లోంచి పేరుకున్న రక్తాన్ని పీల్చేసి, దెబ్బతిన్న ట్యూబును తీసేస్తారు. ‘పిండాన్ని గర్భసంచిలోకి మార్చలేరా?’ అని అడుగుతారు, గుండె తరుక్కుపోతుంది. మార్చలేరు. రెండో ట్యూబు బాగుంటే మళ్లీ గర్భం రావచ్చు. అప్పుడు మాత్రం నెల తప్పగానే డాక్టర్‌కు చెప్పి, 6 వారాలకే స్కానింగ్ చేయించుకోవాలి.