ఐకాన్ నొక్కితే జావా దొరకట్లేదా? గొడవ మొదలైంది 2016లో

హనుమకొండ, కాజీపేట కాలేజీ పిల్లల్లో ఉబుంటు 25.10 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నవాళ్లకు పాత తలనొప్పి మళ్లీ మొదలైంది. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి తెరిస్తే ప్రోగ్రామ్ బాగానే నడుస్తుంది, అదే ఐకాన్ నొక్కితే జావా ఎక్కడుందో తెలియదంటుంది. డాట్ బాష్‌ఆర్‌సీ ఫైల్లో (టెర్మినల్ తెరిచినప్పుడు చదివేది) జావా ఎక్కడుందో చెబుతూ రాసిన లైను టెర్మినల్ వరకేనన్నది అందరికీ తెలిసిందే. కానీ సీనియర్లు ఎప్పుడో డాట్ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ ఫైల్లో (లాగిన్ అయ్యేటప్పుడు చదివేది) పెట్టిపోయిన లైను ఇన్నేళ్లు పనిచేసి ఇప్పుడెందుకు ఆగింది?

స్క్రీన్ మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11లో లాగిన్ స్క్రీన్‌కీ డెస్క్‌టాప్‌కీ మధ్య ఎక్స్‌సెషన్ అనే షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామైన షెల్ కోసం రాసిన ఫైలు) నడిచేది. డెబియన్, ఉబుంటుల్లో మన ఫైలును చదివింది అదే. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్ సెషన్‌లో ఆ స్క్రిప్ట్ అసలు నడవదు. మొత్తం గొడవకు మూలం ఇదే, మిగతావన్నీ దీని వెనకాల వచ్చినవే. 2016 నవంబరులో ఫెడోరా 25 అనే ఇంకో లినక్స్ వేలాండ్‌ను డిఫాల్ట్ చేసింది. ఉబుంటు 17.10లో అదే చేసి, 18.04లో వెనక్కి తగ్గి, 21.04లో మళ్లీ తెచ్చింది. అయినా మనవాళ్లకు నొప్పి తెలియలేదు, ఎందుకంటే లాగిన్ స్క్రీన్‌లో గేర్ గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' (అంటే ఎక్స్11 సెషన్) ఎంచుకుంటే పాత దారి తెరిచే ఉండేది. 25.10లో ఆ ఆప్షన్ లేదు.

ఉబుంటు వాడే డెస్క్‌టాప్‌ను తయారుచేసే గ్నోమ్ వాళ్లు మధ్యలో ఒక సర్దుబాటు చేశారు, వేలాండ్ సెషన్‌ను లాగిన్ షెల్ (లాగిన్ అయ్యేటప్పుడు నడిచే షెల్) ద్వారా మొదలుపెట్టారు. దాంతో డాట్ ప్రొఫైల్ చదవడం మొదలైంది గానీ, బాష్ అనే షెల్ వాడేవాళ్ల హోమ్‌లో డాట్ బాష్_ప్రొఫైల్ అనే ఫైలు ఉంటే బాష్ దాన్ని మాత్రమే చదివి డాట్ ప్రొఫైల్‌ను వదిలేస్తుంది. ఏదో ఒక టూల్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ ఫైలు పుట్టిందనుకోండి, నిన్నటిదాకా ఉన్న సెట్టింగులన్నీ మాయం, ఒక్క ఎర్రర్ కూడా రాదు.

2017లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) 233తో ఎన్విరాన్‌మెంట్.డీ వచ్చింది, అంటే ఇలాంటి సెట్టింగుల విలువలు రాసుకునే ఫైళ్ల ఫోల్డర్. షెల్ స్క్రిప్ట్‌లో తప్పుంటే లాగిన్ ఆగిపోవచ్చు, షెల్ షెల్‌కూ ఫైళ్లు వేరు, కాబట్టి విలువలను షెల్‌తో పనిలేకుండా రాయాలన్నది ఆ వైపు వాదన. సరే. కానీ వాడేవాళ్లు అడిగేది వేరే. మా ల్యాబ్ ఫైల్లో 'ఈ ఫోల్డర్ ఉంటేనే దాన్ని పాత్‌లో కలుపు' అనే షరతు ఉంది (పాత్ అంటే ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా), కొత్త ఫైల్లో ఇఫ్ రాయలేం, కమాండ్ నడపలేం, దాన్నేం చేయాలి? అప్‌గ్రేడ్ చేసేటప్పుడు 'మీ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ ఇక చదవబడదు' అని ఒక్క లైను చూపిస్తే సెమిస్టర్ మధ్యలో ఇంత టెన్షన్ ఉండేది కాదు కదా. ఫైలు మార్చి లాగౌట్ అయి వెంటనే లాగిన్ అయితే పాత విలువలే కనిపించొచ్చు, ఎందుకంటే ఆ విలువలను చదివి పెట్టుకునే సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్ లాగౌట్ తర్వాత కూడా మామూలుగా 10 సెకన్లు బతికే ఉంటుంది. ఇది తెలియక ఫైలే తప్పనుకుని తిరగరాసేవాళ్లున్నారు.

ఇంత చేసినా, అదే స్టూడెంట్ రాత్రి హాస్టల్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ల్యాబ్ మెషీన్‌లోకి వస్తే ఆ షెల్‌కు ఎన్విరాన్‌మెంట్.డీ అందదు. అవే లైన్లు డాట్ ప్రొఫైల్‌లో కూడా రాసి పెట్టుకోవాల్సిందే.