పసిబిడ్డతో ఒక్కరే ఊరెళ్లడం: పిల్లల డాక్టరుగా నేను వినే అపోహలు

వేసవి సెలవులొస్తే కడపలో నా ఓపీకి జ్వరాలతో పాటు ప్రయాణాల ప్రశ్నలు కూడా వస్తాయి. మొన్న ఒకాయన రెండున్నరేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చాడు. భార్య పోయి ఏడాదైంది. పాపకు గండికోట చూపించాలని ఆయన ఆశ. పక్కనే వాళ్లమ్మ, "ఆడతోడు లేకుండా బిడ్డనెత్తుకోని యాడికి పోతావు నాయనా?" అంటోంది.

అపోహ: చిన్నబిడ్డతో ఒక్కరే వెళ్లడం కుదరదు.

ఎందుకు కుదరదు? నిజమైన చిక్కు ఆడతోడు కాదు, బాత్రూమ్. ఇద్దరుంటే ఒకరు బిడ్డను చూసుకుంటారు. ఒక్కరే అయితే పాపను ఎవరికి అప్పజెప్పాలి? ముక్కూమొహం తెలియని పక్కసీటు వాళ్లకు మాత్రం వద్దు. మెత్తటి పాత పంచెతో బిడ్డను ఒంటికి గట్టిగా కట్టుకోండి, ముక్కు, నోరు కప్పకుండా. చేతి సంచులు మానేసి వీపు బ్యాగు ఒక్కటే పెట్టుకోండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అంతే.

గండికోటలో పెన్నా లోయ అంచు బండల మీద నడిచే బిడ్డను వదిలి ఒక్కరే కాయలేరు. ఎత్తుకుని చూపించి వెనక్కి వచ్చేయండి. పాప పరుగెత్తడానికి కోట లోపల మాధవరాయ ఆలయం ఆవరణ ఉంది. అదీ పొద్దున్నే. ఎండెక్కితే ఆ రాళ్ల మీద పెద్దవాళ్లమే కాలు మోపలేం.

అపోహ: బస్సెక్కే ముందు జలుబు సిరప్ పోస్తే హాయిగా పడుకుంటారు.

నా కోపమంతా దీని మీదే. మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లు, "రెండు మూతలే మేడమ్" అని నాకే చెప్పేవాళ్లు ఉన్నారు. వీటిలో చాలావాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ మత్తు తెస్తుంది. కొందరు పిల్లలు పడుకోకపోగా చిందులేస్తారు. డోసు మించితే ఊపిరికే ముప్పు. క్లోర్‌ఫెనిరమైన్, ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. రెండేళ్లలోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులే ఇవ్వొద్దని 2025 అక్టోబర్లో కేంద్రం సూచించింది. రాత్రి బస్సులో మీరూ కునుకు తీస్తే, బిడ్డ ఊపిరి తేడాగా ఉందని గమనించే రెండో మనిషి ఎవరు?

అపోహ: ఏడవకుండా చేతిలో నాలుగు బుడ్డలు (వేరుశనగలు) పెడితే సరి.

మన సీమలో బస్టాండుకెళ్తే ఉడికించిన బుడ్డలు, వేయించిన బుడ్డలు. పిల్లలకు వాటిని నలిపే దంతాలు ఇంకా సరిగ్గా ఉండవు. బస్సు కుదుపుకో, నవ్వుకో గింజ ఊపిరి గొట్టంలోకి జారుతుంది. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలు ఇవ్వొద్దు. అరటిపండు, మెత్తగా కలిపిన పెరుగన్నం చాలు. గింజ అడ్డుపడినా బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. దగ్గలేక, గొంతు రాకపోతే, ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి వీపు మధ్య మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదు దెబ్బలు, ఆపైన బొడ్డుకు పైగా ఐదు నొక్కులు, మళ్లీ మళ్లీ. ఈలోగా ఎవరినైనా 108కి ఫోన్ చేయమని గట్టిగా అరవండి. దగ్గు ఆగిపోయినా పిల్లికూతలు మిగిలితే ఆస్పత్రికి రావాల్సిందే.

అపోహ: బైకు మీద ముందు నిలబెట్టుకుంటే భద్రమే.

వెనక పట్టుకునే మనిషి లేనప్పుడు చాలామంది చేసేది ఇదే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్, హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2022లో వచ్చిన నిబంధన ఇది. నన్నడిగితే అంత దూరం బస్సే మేలు. ఆర్టీసీలో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు.

అపోహ: దారిలో విరేచనాలైతే తాగించే ఓఆర్ఎస్ ఎలా కలిపినా ఒకటే.

కాదు. లీటరు నీళ్లకని రాసిన ప్యాకెట్టును లీటరులోనే, ఒక్కసారే కలపాలి. ఒక రోజు దాటితే పారబోయాలి. అట్టపెట్టెలో దొరికే తీపి డ్రింకులు ఓఆర్ఎస్ కావు.

అపోహ: బిడ్డ చేతి మీద ఫోన్ నంబర్ రాస్తే చాలు.

తప్పిపోయినప్పుడు అది పనికొస్తుంది. కానీ పడిపోయింది మీరైతే? ఆ నంబర్ మీదే, ఫోన్ మీ జేబులోనే లాక్ అయి ఉంటుంది. బిడ్డ వివరాలు, ఇంకొకరి నంబర్ రాసిన కాగితం ఒకటి బిడ్డ గౌను జేబులో, ఒకటి మీ పర్సులో ఉండాలి. ఆ తండ్రి అక్కడే నా మందుల చీటీ వెనక రాసుకున్నాడు: "బుజ్జి. గుడ్డు పడదు. దుప్పటి కొస పట్టుకుంటేనే నిద్రపోతుంది. మేనత్తకు ఫోన్ చేయండి." కింద నంబర్. వాళ్లమ్మ ఆ చీటీ తీసుకుని చదివి, "నా నంబరు గూడ రాయి" అంది.