పక్షవాతాన్ని దవాఖానలో ఎందుకు పట్టుకోలేదు? అపోహలు – వాస్తవాలు

"దవాఖాన్లనే ఉన్నం, డాక్టర్ల కండ్ల ముందటనే ఉన్నం. అయినా పక్షవాతమని తెల్వలేదా సార్?" వరంగల్, హన్మకొండలో పేషెంట్ల బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. కోపంగా అడిగినా న్యాయమైన ప్రశ్నే. కొన్నిసార్లు పరీక్షకే చేతకాదు, కొన్నిసార్లు చూడాల్సింది చూడలేదు. ఏది ఏదో తేల్చుకోవడానికి ఇవి తెలిసుండాలి.

అపోహ: సీటీ స్కాన్ నార్మల్ వచ్చిందంటే పక్షవాతం లేనట్టే.

వాస్తవం: ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఎమర్జెన్సీలో మొదట సీటీ తీసేది మెదడులో రక్తస్రావం ఉందో లేదో చూడటానికి. రక్తం వెంటనే తెల్లగా కనబడుతుంది. కానీ ఎక్కువమందికి వచ్చేది రక్తనాళంలో గడ్డ అడ్డుపడే రకం. అది మొదటి గంటల్లో సీటీలో కనబడకపోవచ్చు. చెయ్యి లేవడం లేదు, సీటీ మాత్రం నార్మల్ అంటే "రక్తస్రావం లేదు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చేమో చూడండి" అని అర్థం. ఆ రిపోర్టు చూసి "ఏం లేదు" అని ఇంటికి పంపితే తప్పు మిషన్‌ది కాదు, చదివిన మనిషిది.

ఎంఆర్ఐ చాలా ముందే పట్టుకుంటుంది. అయితే మెదడు వెనక భాగంలోని చిన్న దెబ్బ మొదటి 24–48 గంటల్లో ఎంఆర్ఐకి కూడా చిక్కకపోవచ్చు. లక్షణాలు తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి.

అపోహ: మూతి వంకర పోయి, చెయ్యి కాలు పడిపోతేనే పక్షవాతం.

వాస్తవం: మెదడు వెనక భాగంలో వస్తే మూతి బాగానే ఉండొచ్చు. ఉన్నట్టుండి కండ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి, నడక తూలుతుంది. గ్యాస్, వేడి చేసింది, చెవిలో తేడా అనుకుని సెలైన్ ఎక్కించి, బిళ్ళలిచ్చి పంపేస్తుంటారు. ఇలాంటి పేషెంటును మంచం మీదే చూసి వదలకూడదు. కాళ్లు కిందికి వేలాడేసి, ఆసరా లేకుండా కూర్చోబెట్టాలి, తర్వాత పట్టుకుని రెండడుగులు వేయించాలి. కండ్లు తిరుగుతున్నా చెవి జబ్బు మనిషి సాధారణంగా నడవగలడు. ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా మెదడునే అనుమానించాలి.

మెదడు కుడి పక్కన వస్తే ఇంకో చిక్కు. ఎడమ చెయ్యి పనిచేయట్లేదని పేషెంటుకే తెలియదు, "నాకేం కాలేదు" అంటాడు. కంచంలో ఎడమ పక్క అన్నం ముట్టడు. మెదడు ఎడమ పక్కన వస్తే మాట తారుమారవుతుంది. దాన్ని తాగిన మాట అనుకున్న సందర్భాలూ ఉన్నాయి. షుగర్ పడిపోయినా ఇలాగే ఉంటుంది కాబట్టి గ్లూకోమీటర్ చుక్క ముందే చూడాలి.

అపోహ: ఎప్పుడు గమనిస్తే అప్పటి నుంచే టైం లెక్క.

వాస్తవం: పేషెంట్ చివరిసారి బాగున్నది ఎప్పుడో అక్కడి నుంచే లెక్క. రాత్రి 10కి పడుకుని 5కి చెయ్యి పడిపోయి లేస్తే గడియారం 10 నుంచి నడుస్తుంది. నడుమ 2 గంటలకు లేచి బాగా మాట్లాడి ఉంటే 2 నుంచి. ఆ ఒక్క మాటతో చికిత్సే మారిపోవచ్చు, కాబట్టి మరవకుండా చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు మామూలుగా 4.5 గంటలు, పెద్ద నాళంలో గడ్డను తీగతో తీయడానికి 6 గంటలు, స్కాన్ చూసి ఎంచుకున్న కొందరికి 24 గంటలు. నిద్రలో వచ్చినవాళ్లకూ ఎంఆర్ఐ చూసి కొన్నిసార్లు ఇంజెక్షన్ ఇస్తారు. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే రెండు గంటలు పోతాయి. దారిలో సెలైన్ కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, సీటీ ఉన్న దవాఖానకే నేరుగా తీసుకెళ్లమనండి.

అపోహ: బీపీ 190 ఉంటే ముందు దించాలి.

వాస్తవం: గడ్డ రకంలో ఆ బీపీయే మెదడుకు రక్తాన్ని నెడుతోంది. నాలుక కింద బిళ్ళ పెట్టి ఒక్కసారిగా దించితే దెబ్బ పెరుగుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 లోపు ఉండాలి. ఇవ్వనప్పుడు సాధారణంగా 220/120 దాటితేనే జాగ్రత్తగా దించుతారు. రక్తస్రావమైతే లెక్క వేరు.

అపోహ: వేరే జబ్బుకు అడ్మిట్ అయితే పక్షవాతాన్ని వార్డువాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: ఆపరేషన్ తర్వాతో, గుండె జబ్బుతోనో పడుకున్న పేషెంటుకు వస్తే మత్తు, నీరసం, నిద్ర అనుకునే ప్రమాదం ఎక్కువ. ముందు కనిపెట్టేది పక్కనున్న మీరే. "ఎట్లనో ఉన్నడు" అంటే ఎవరూ కదలరు. "9 గంటలకు మాట్లాడిండు, 11కు కుడి చెయ్యి ఎత్తట్లేదు" అనండి, కేస్ షీట్‌లో టైం వేసి రాయమనండి. మింగుడు పరీక్ష (సరిగ్గా మింగగలడో లేదో చూసేది) చేసేదాకా నీళ్లు, బిళ్ళలు నోట్లో పోయకండి.

అపోహ: ఆలస్యంగా పట్టుకున్నారంటే నిర్లక్ష్యమే.

వాస్తవం: ఆ పూట, ఆ లక్షణాలతో, జాగ్రత్తగల డాక్టరు ఏం చేసేవాడన్నదే కొలత. కండ్లు తిరుగుతున్న మనిషిని నడిపించి చూశారా? సీటీ నార్మల్ వచ్చినా చెయ్యి లేవట్లేదని ఎవరైనా రాశారా? జవాబులు రికార్డులో ఉంటాయి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. డిశ్చార్జ్ కాగితంతో ఆగకుండా క్యాజువాలిటీ చీటీ, నర్సింగ్ చార్టు, మందుల చార్టు, స్కాన్ సీడీ కూడా రాతపూర్వకంగా అడగండి. డబ్బు కట్టిన చికిత్సకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖాన ఆ చట్టం కిందికి రాదు. డాక్టరు మీద ఫిర్యాదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఉంది.

అపోహ: టైం దాటింది, ఇక చేసేదేం లేదు.

వాస్తవం: గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకకపోతే అది రెండో తప్పు. ఈసీజీ, గుండె ఎకో (గుండె స్కాన్), మెడ నాళాల స్కాన్ అయ్యాయా అడగండి. గుండె లయ తప్పి ఉంటే మామూలు ఆస్పిరిన్ చాలదు, గడ్డలు కట్టకుండా చేసే వేరే మందు కావాలి. పేషెంట్ నిలకడగా ఉంటే ఫిజియోథెరపీ ఇంటికెళ్లే దాకా ఆగదు, వార్డులోనే మొదలుపెట్టాలి.