డీవీడీ డ్రైవ్ ఎర్రర్లు: డ్రైవ్ తీసి పారేసే ముందు కెర్నల్ ఏమంటోందో చూడండి (అపోహలు - వాస్తవాలు)

కావలిలో కంప్యూటర్లు రిపేరు చేస్తుంటాను. ఈ రోజుల్లో డీవీడీలు ఎవరికి కావాలి అంటారు గానీ, అటు సింగరాయకొండ నుంచి ఇటు బిట్రగుంట దాకా ఎవరి బీరువా తెరిచినా పెళ్లి డీవీడీలు, ఫోటోల సీడీలు బయటపడతాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని వస్తారు. అప్పటికే ఎవరో ఒకరు "డ్రైవ్ పోయింది" అనో "డిస్కు పోయింది" అనో చెప్పేసి ఉంటారు.

అపోహ: ఐ/ఓ ఎర్రర్ వచ్చిందంటే డ్రైవ్ లెన్స్ పోయినట్టే.

కాదు. ఐ/ఓ ఎర్రర్ అంటే అడిగిన డేటా రాలేదని, అంతే. ఎందుకు రాలేదో కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో మాట్లాడే గుండెలాంటి భాగం, విడిగా రాసిపెడుతుంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి కెర్నల్ రాసుకున్న మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి, ఎస్ఆర్0 (sr0, డీవీడీ డ్రైవ్‌కు లినక్స్ పెట్టే పేరు) ఉన్న లైన్లలో ‘సెన్స్ కీ’ (Sense Key, డ్రైవ్ చెప్పే కారణం) ఏముందో చూడండి. ‘మీడియం ఎర్రర్’ అని ఉంటే డిస్కు మీద ఆ చోటు చదవడం డ్రైవ్ వల్ల కాలేదు, గీత పడి ఉండొచ్చు, లెన్స్ మీద దుమ్మూ ఉండొచ్చు. ‘హార్డ్‌వేర్ ఎర్రర్’ అయితే లోపం తనలోనే ఉందని డ్రైవే చెబుతోంది. ‘ఇల్లీగల్ రిక్వెస్ట్’ అని ఉంటే మాత్రం ఆగండి, డ్రైవ్ బాగానే ఉండి, కంప్యూటరే అడగకూడనిది అడిగి ఉండొచ్చు. దీనికి డ్రైవ్ మార్చేసి, కొత్తదాంట్లోనూ అదే ఎర్రర్ చూసి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఆ మధ్య ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు సీడీ తెచ్చారు. మనవరాలి బారసాల ఫోటోలు. "చివరిదాకా కాపీ అయ్యి అక్కడ ఎర్రర్ కొడుతుందయ్యా, ఇంక రావన్నారు" అన్నారు, పాపం ఆయన టెన్షన్ ఆయనది. నేనూ డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ (dd) కమాండ్‌తో మొత్తం డిస్కు కాపీ పెట్టాను, సరిగ్గా చివర్లో ఆగింది, డీమెసేజ్‌లో ‘ఇల్లీగల్ మోడ్ ఫర్ దిస్ ట్రాక్’ అని లైను. సీడీని ట్రాక్ ఎట్ వన్స్ (ఒక్కో ట్రాక్‌ను విడివిడిగా రాసే) పద్ధతిలో రాస్తే ట్రాక్ చివర రెండు సెక్టార్లు (డిస్కు మీద డేటా ఉండే చిన్న ముక్కలు) డేటా లేకుండా మిగులుతాయి, కానీ డిస్కు చెప్పే సైజులో అవీ కలిసే ఉంటాయి. కెర్నల్‌కు ముందుచూపు ఎక్కువ, అడిగినదానికంటే ముందుకెళ్లి చదువుతుంది. ఆ రెండింటి మీద కాలు పెట్టగానే డ్రైవ్ ఒప్పుకోదు, ఒక్కోసారి వాటితో కలిపి అడిగిన మంచి సెక్టార్లూ రాకుండా పోతాయి. అందుకే ఐసో (సీడీలో రాయడానికి సిద్ధం చేసే ఇమేజ్ ఫైల్) తయారుచేసే ప్రోగ్రాములు చివర 150 సెక్టార్లు, అంటే 300 కేబీ ఖాళీ వదులుతాయి. ఐసోసైజ్ (isosize) కమాండ్‌తో అసలు సైజు తెలుసుకుని, సెక్టారుకు 2048 బైట్ల లెక్కన అంతవరకే కాపీ చేశాను. ఫోటోలన్నీ తెరుచుకున్నాయి మాస్టారూ అంటే, కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే చూశారు.

మీరు కొత్తగా సీడీ రాస్తుంటే డిస్క్ ఎట్ వన్స్ (మొత్తం డిస్కును ఒకేసారి రాసే పద్ధతి) పెట్టుకోండి, ఈ గొడవే ఉండదు.

అపోహ: కొన్న సినిమా డీవీడీ లినక్స్‌లో ఆడకపోతే కెర్నల్ పాడైనట్టు.

‘స్క్రాంబుల్డ్ సెక్టార్’, ‘అథెంటికేషన్’ అనే మాటలు కనిపిస్తే అది సీఎస్ఎస్ (CSS) అనే తాళం, సినిమా డీవీడీలు కాపీ కాకుండా కంపెనీలు వేసేది. ఇదీ ఇల్లీగల్ రిక్వెస్టే. ఆ తాళం తీసే పని కెర్నల్‌ది కాదు, ప్లేయర్‌ది. మన స్టూడియోలవాళ్లు రాసిచ్చే పెళ్లి డీవీడీలకు ఈ తాళం ఉండదు, వాటికి ఈ కారణం వెతకొద్దు.

"కెర్నల్ అప్‌డేట్ వల్ల డ్రైవ్ ఆగిపోవడమా, అలా జరగదు" అనేవాళ్లూ ఉన్నారు. జరుగుతుంది. 2004 ఆగస్టులో లినక్స్ 2.6.8 వచ్చినప్పుడు, డ్రైవ్‌కు వెళ్లే కమాండ్లను భద్రత కోసం కెర్నల్ వడపోయడం మొదలుపెట్టింది. దాంతో మామూలు యూజర్‌గా సీడీ రాసేవాళ్లకు ఉన్నట్టుండి రైటింగ్ ఆగిపోయింది, డ్రైవ్‌లకు ఏమీ కాలేదు. అందుకే అప్‌డేట్ తర్వాత మొదలైన ఎర్రర్ అయితే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ (GRUB) మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేసి అదే డిస్కు పెట్టి చూడండి. అక్కడ చదివితే డ్రైవ్ తప్పు లేనట్టే.

విండోస్‌లో డ్రైవ్ మాయమై డివైస్ మేనేజర్‌లో కోడ్ 19 లేదా 39 చూపిస్తుంటే, చాలాసార్లు పాత సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) వదిలిపెట్టిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ ఎంట్రీలే కారణం. బ్యాకప్ తీసుకుని, డీవీడీ డ్రైవ్ క్లాస్ కిందవి మాత్రమే తీసి రీస్టార్ట్ చేయండి.

నిజంగానే మీడియం ఎర్రర్ అయితే మాత్రం డిస్కును పదేపదే తిప్పకండి. పాడైన డిస్కుల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ (ddrescue) ప్రోగ్రాము వాడండి, అది ముందు బాగున్న భాగమంతా తీసుకుని, చెడ్డచోట్లకు తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి, ఈ డ్రైవ్‌లో రాని సెక్టార్లను అదే ఫైలుతో ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించొచ్చు.