చైనీస్‌లో సంక్షోభం అంటే అవకాశమా?

నేను తెలుగు విద్యార్థులకు చైనీస్ నేర్పుతాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ఎక్కువగా వ్యక్తిత్వ వికాస క్లాసుల్లో విన్నదే.

అపోహ: చైనీస్‌లో సంక్షోభాన్ని రెండు అక్షరాలతో రాస్తారు. ఒకటి ప్రమాదం, రెండోది అవకాశం.

వాస్తవం: ఆ పదం ‘వెయ్‌జీ’. ‘వెయ్’ అంటే ప్రమాదం, అంతవరకు నిజమే. తప్పంతా ‘జీ’ దగ్గరే. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు, దేన్నైనా వదిలి కదిలించే భాగాన్ని ‘జీ’ అంటారని చెబుతుంది. పాతకాలపు విల్లులో మీట నొక్కితే బాణం దూసుకుపోతుంది చూడండి, ఆ మీట ‘జీ’. అక్కడి నుంచి ఈ అక్షరానికి యంత్రం అనే అర్థం వచ్చింది, పరిస్థితి మలుపు తిరిగే క్షణం అనే అర్థమూ వచ్చింది. విమానం ‘ఫెయ్‌జీ’, అంటే ఎగిరే యంత్రం. ‘వెయ్‌జీ’లో ఉన్నది ఆ మలుపు. ఏ క్షణాన ఏం తెగుతుందో తెలియని స్థితి అన్నమాట. అవకాశానికి ‘జీహ్వెయ్’ అనే వేరే పదం ఉంది. అందులోనూ ‘జీ’ ఉంది కాబట్టి రెండూ ఒకటే అనడం, తలనొప్పిలో ఉన్న తలే తలవాకిలిలోనూ ఉందనడం లాంటిది.

1959లో అమెరికా సెనేటర్‌గా ఉన్న కెనడీ తన ప్రసంగంలో వాడాక, సంక్షోభంలో అవకాశం ఉందనే ఈ మాట బాగా పాకింది. చైనా వార్తల్లో ఆర్థిక సంక్షోభానికి వాడేది ‘వెయ్‌జీ’నే. అది వింటే అక్కడివాళ్లకు కలిగేది టెన్షనే.

అపోహ: ప్రతి చైనీస్ అక్షరం ఒక బొమ్మ.

వాస్తవం: కొన్ని బొమ్మలే. చెట్టు గుర్తు రెండుసార్లు రాస్తే తోపు, మూడుసార్లు రాస్తే అడవి. కానీ ఎక్కువ అక్షరాల్లో ఒక భాగం అర్థాన్ని, ఇంకో భాగం శబ్దాన్ని సూచిస్తాయి. అమ్మ అనే అక్షరంలో స్త్రీ పక్కన గుర్రం ఉంటుంది. గుర్రాన్ని ‘మా’ అంటారు, అమ్మనూ ‘మా’ అంటారు, స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు మాత్రమే తేడా. గుర్రం అక్కడికి వచ్చింది ఆ శబ్దం కోసమే. దానికి కథలు కట్టి చెబితే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అసలు ఏర్పాటే అంతకన్నా అందంగా ఉంటుంది.

మన ‘జీ’ కూడా అంతే. ఎడమవైపు చెట్టు, కుడివైపు ‘జీ’ అని పలికే గుర్తు. పాత రూపంలో 16 గీతలు. చైనాలో 1956లో మొదలైన లిపి సరళీకరణ వల్ల ఇప్పుడు 6 గీతలే. తైవాన్, హాంకాంగ్‌లలో నేటికీ 16 గీతలూ రాస్తున్నారు. క్లాసులో నేను మొదట ఆ పాత రూపమే బోర్డు మీద రాస్తాను.