బుడ్డల మీది పచ్చ బూజు

అనంతపురం జిల్లాలో వేరుశనగ కట్టె వామిని కదిలించినప్పుడు, తడిసి ఆరిన బుడ్డలను ఒలిచినప్పుడు లేచే దుమ్ములో పసుపు కలిసిన పచ్చ బూజు ఒకటి ఉంటుంది. దాని పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగలో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే వాటిలో ముఖ్యమైనది ఇదే. పంట చివరి రోజుల్లో వాన లేక నేల వేడెక్కితే కాయల్లో ఇది మరింత పెరుగుతుంది. కంటికి కనిపించని దీని బీజాలు గాలిలో తేలుతూ రోజూ మన ముక్కులోకి పోతూనే ఉంటాయి. అయినా మనకేమీ కాదు, ఎందుకంటే మొలకెత్తబోయిన వాటిని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చంపేస్తాయి.

లుకేమియా (రక్త క్యాన్సర్) వంటి జబ్బుకు మూలకణ మార్పిడి, అంటే రక్తాన్ని పుట్టించే కణాలను కొత్తగా ఎక్కించడం కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో, వేలూరుకో వెళ్లిన రోగికి ఆ కాపలా కొన్నాళ్లు ఉండదు. ముందుగా ఇచ్చే తీవ్రమైన మందులు ఎముకల్లోని పాత మజ్జను తుడిచివేస్తాయి. కొత్త కణాలు కుదురుకోవడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువకు, ఒక్కోసారి దాదాపు సున్నాకు పడిపోతాయి.

అప్పుడు ముక్కు పక్క గదుల్లో, అంటే సైనసుల్లో, మొలిచిన బూజు పోగు రక్తనాళాల గోడలను తొలుచుకుని పోతుంది. నాళంలో రక్తం గడ్డకట్టి, ఆ రక్తం మీద బతికే కండ నల్లబడి చచ్చిపోతుంది. ఈ జబ్బు అరుదైనదే గాని, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాని నిశ్శబ్దం. చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి కనుక చీము కనిపించకపోవచ్చు. నరం దెబ్బతింటే నొప్పికి బదులు చెంప మొద్దుబారుతుంది. అందుకే వైద్యులు అనుమానం రాగానే గొట్టం కెమెరాతో ముక్కు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

ఆ ముక్కలో ఏ బూజు ఉందన్నది ప్రాణం మీది ప్రశ్న. ఆస్పర్‌జిల్లస్ మీద బాగా పనిచేసే వోరికొనజోల్ అనే మందు, 2021లో బ్లాక్ ఫంగస్‌గా మనకు తెలిసివచ్చిన మ్యూకర్ జాతుల మీద పనిచేయదు; వాటికి యాంఫోటెరిసిన్ అనే మరో మందు కావాలి. చచ్చిన కండలోకి రక్తం పారదు కనుక మందూ చేరదు, కాబట్టి దానిని శస్త్రచికిత్సతో తీసివేయక తప్పదు.

కణాల లెక్క సరైందని ఇల్లు చేరాక కూడా, దాత కణాలు రోగి శరీరం మీదే తిరగబడితే నెలల తరబడి స్టెరాయిడ్లు వాడాల్సివస్తుంది. ఈ స్టెరాయిడ్లు, ఒంట్లో ఉన్న తెల్లకణాలను కూడా మందగింపజేస్తాయి. ఆ నెలల్లో బుడ్డలు ఒలిచే చోటికి, కట్టె వామి దగ్గరికి రోగి వెళ్లకూడదు. జ్వరంతో పాటు ముఖం ఒకవైపు వాచినా, చెంప మొద్దుబారినా, ముక్కులోనో అంగిట్లోనో నల్లమచ్చ కనిపించినా, పడిశమని తెల్లవారేదాకా ఆగకుండా మార్పిడి చేసిన వైద్యులకు ఆ రాత్రే ఫోన్ చేయాలి.