లోహాఫెక్స్: పచ్చబడ్డ నీళ్లు, నిండని గాదె

సున్నం ఎక్కువున్న నేలలో వేరుశనగ వేసిన రైతుకి ఈ సంగతి బాగా తెలుసు. ఎరువులన్నీ వేసినా లేత ఆకులు పాలిపోతాయి. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే చేను తేరుకుంటుంది. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుమే. అది తుప్పుగా మారి మొక్కకి దక్కకుండా పోకుండా నిమ్మ ఉప్పు పట్టి ఉంచుతుంది.

అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రానిదీ ఇదే జబ్బు. నైట్రేటు, ఫాస్ఫేటు బోలెడు. ఇనుమే కరువు. నేల దూరం, ఎగిరొచ్చే దుమ్ము తక్కువ, వచ్చిన కాస్తా ఆక్సిజన్ తగిలి తుప్పై అడుగుకి జారిపోతుంది. "సగం ట్యాంకరు ఇనుమివ్వండి, మీకు మంచుయుగం తెచ్చిపెడతాను" అని 1988లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ అన్నది అందుకే. ఇనుము అందితే వృక్షప్లవకాలు, అంటే నీళ్లలో తేలే కంటికానని మొక్కల్లాంటి జీవులు, పెరిగి గాల్లోని కార్బన్‌ని పీల్చుకుంటాయని, దాంతో భూమి చల్లబడుతుందని ఆయన లెక్క. భూమ్మీద కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ ప్లవకాలదే. మన బడి పుస్తకాల్లో కార్బన్ చక్రం బొమ్మ మాత్రం చెట్టూ ఆవూ దాటి రాదు. నాకిది పెద్ద లోటనిపిస్తుంది.

2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర అన్నభేది కలిపాయి. ప్రయోగం పేరు లోహాఫెక్స్. లోహా అంటే హిందీలో ఇనుము. మనకి రాగైనా ఇత్తడైనా లోహమే.

రెండు వారాల్లో ప్లవకాలు రెట్టింపయ్యాయి. కానీ చేను పచ్చబడితే చాలదు, గింజ గాదెకి చేరాలి. సముద్రానికి గాదె వెయ్యి మీటర్ల కింద ఉంది. అక్కడికి దిగిన కార్బన్ వందల ఏళ్లు పైకి రాదు. దాన్ని మోసుకెళ్లడంలో ప్లవకాల్లోనే ఒక రకమైన డయాటమ్‌లు దిట్టలు. వాటి ఒంటిమీద సిలికా పెంకు, అంటే గాజు కవచమే. చచ్చాక ముద్దలుగా అతుక్కుని రాళ్లలా మునుగుతాయి. 2004లో దక్షిణ సముద్రంలోనే జరిగిన ఇలాంటి ప్రయోగంలో కనీసం సగం పంట వెయ్యి మీటర్లు దాటి దిగింది.

2009లో ఆ నీళ్లలో సిలికా లేదు. అంతకుముందు పెరిగిన డయాటమ్‌లే దాన్ని వాడేసుకున్నాయి. దాంతో పెంకు లేని చిన్న ప్లవకాలు మొలిచాయి. మొలిచినవి మొలిచినట్టే, నీళ్లలో తేలే బుల్లి జీవులైన కోపీపాడ్‌లు మేసేశాయి. తిన్న కార్బన్‌లో చాలా భాగాన్ని ఊపిరిగా పై నీళ్లలోనే వదిలేశాయి. వాటి రెట్టలు కూడా ఎక్కువగా పైనే కరిగిపోయాయి. ఆ కోపీపాడ్‌లని రొయ్యల్లాంటి ఆంఫిపాడ్‌లు వేటాడాయి. ఆ ఆంఫిపాడ్‌లే అక్కడి స్క్విడ్‌లకీ, ఫిన్ తిమింగలాలకీ తిండి.